పెట్ట గూటికి చేరాకే పుంజు వేట: అమెరికా అడవి టర్కీ సీజన్ వెనక ఉన్న లెక్క

ఏప్రిల్ 15 రాగానే కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో మరబోట్లు లంగరేసుకుని కూర్చుంటాయి. జూన్ 14 దాకా, 61 రోజులు, వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటి మానాన వాటిని వదిలేయాలన్నది మన తీరంలో అందరికీ తెలిసిన న్యాయం. దాదాపు అవే రోజుల్లో, ఏప్రిల్ మూడో సోమవారం నాడు, అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో అడవి టర్కీ కోళ్ళ వేట మొదలవుతుంది. మూడు వారాలు సాగుతుంది. టర్కీలు జతకట్టేదీ, గుడ్లు పెట్టేదీ, పొదగడానికి కూర్చునేదీ ఆ రోజుల్లోనే.

ఈ మాట వింటే అక్కడ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. జతకట్టే కాలంలో వేటేంటి, అదీ ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి మరీ కొట్టించడమేంటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన కొత్తలో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవీ పోయాయి. అందుకే లైసెన్సు తీసుకుని వేటకెళ్ళడమనేది మనలో చాలామంది చూసెరగని సంగతి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఉంది, అది టర్కీ కాపురంలోనే ఉంది. ఆ కాపురం తీరు తెలిస్తే సీజన్ తేదీలు, రోజులో ఏ గంట దాకా కొట్టొచ్చు, మనిషికి ఎన్ని పక్షులు అన్న నియమాలన్నీ చిక్కు విడిపోతాయి.

పుంజు పని ఎక్కడితో అయిపోతుంది

మన ఫారాల్లో పెంచే టర్కీకి మూలం మెక్సికోలో మచ్చికైన పక్షి. అది ఇండియాకు వచ్చి చాలా కాలమైంది. గోవా నుంచి తెచ్చిన ఒక టర్కీ పుంజును చూసి జహంగీర్ ముచ్చటపడి, 1612 ప్రాంతంలో తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్‌తో బొమ్మ గీయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అడవి టర్కీ ఫారం టర్కీలా బరువెక్కి కదల్లేని పక్షి కాదు. బాగా ఎగురుతుంది, రాత్రిళ్ళు ఎత్తైన చెట్లెక్కి కొమ్మల మీద నిద్రపోతుంది. ఎదిగిన పుంజు 8 నుంచి 10 కిలోలు తూగుతుంది. పెట్ట అందులో సగం. వసంతం రాగానే పుంజు నెమలిలా పురి విప్పి, రెక్కలు నేలకు రాస్తూ తిరుగుతుంది. తల ఎరుపు, తెలుపు, నీలం రంగులకు మారుతుంది. తెల్లవారుజామున కొమ్మ మీద నుంచే గడగడమని అరిచి పెట్టల్ని పిలుస్తుంది. ఒక పుంజు నాలుగైదు పెట్టలతో కూడా జతకడుతుంది.

జతకట్టడంతో పుంజు బాధ్యత తీరిపోయినట్టే. గూడు వెతకదు, గుడ్ల మీద కూర్చోదు, పిల్లలకు కాపలా కాయదు. పెట్ట ఒక్కసారి జతకడితే ఆ వీర్యం దాని ఒంట్లోనే నిలవ ఉండి, వారాల తరబడి పెట్టే గుడ్లకు సరిపోతుంది. తర్వాత పుంజు బతికి ఉన్నా లేకపోయినా ఆ ఈతకు తేడా రాదు.

భారమంతా పెట్ట మీదే. నేల మీద, ఏ పొద చాటునో, ఎండుటాకుల్లో చిన్న గుంట చేసుకుని దాదాపు రోజుకొకటి చొప్పున 10, 12 గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత 28 రోజులు పొదగాలి. ఆ నాలుగు వారాలూ రకూన్లు, స్కంకులు లాంటి గుడ్లు తినే చిన్న జంతువులు, పాములు, నక్కలు దాని చుట్టూనే తిరుగుతుంటాయి. పిల్లలు బయటికొచ్చాక కూడా మొదటి రెండు వారాలు చెట్టెక్కలేవు. నేల మీదే తల్లి రెక్కల కింద రాత్రి గడపాలి. పిల్లల్లో ఎక్కువ భాగం చచ్చిపోయేది ఆ రెండు వారాల్లోనే. ఒక చల్లటి జడివాన చాలు, ఈత మొత్తం పోవడానికి.

ఇప్పుడు లెక్క చూడండి. జతకట్టే పని ముగిశాక ఒక పుంజు పోతే ఒక్క పక్షే పోతుంది. పొదిగే పెట్ట పోతే దాంతో పాటు డజను గుడ్లూ పోతాయి. అందుకే వసంతకాలపు సీజన్ పుంజులకే పరిమితం. ఆ సీజన్ పెట్టలు చాలావరకు గూళ్ళ మీద కూర్చునే సమయానికి దగ్గరగా తెరవాలన్నది జీవశాస్త్రజ్ఞులు చెప్పే మాట. మిస్సోరిలో అది ఏప్రిల్ చివర, మే మొదట్లో వస్తుంది. దీనికి ఇంకో సుళువు కూడా కలిసొచ్చింది. పెట్టలు ఒక్కొక్కటిగా గూటికి చేరుతుంటే ఒంటరైపోయిన పుంజు మళ్ళీ గట్టిగా అరవడం మొదలెడుతుంది, ఎవరు పిలిచినా వస్తుంది. వేటగాడికి అదే కావాలి. పెట్టలు పొదల్లో కదలకుండా ఉంటాయి కాబట్టి పొరపాటున తుపాకీకి ఎదురుపడే అవకాశమూ తక్కువ.

చేపల విషయంలో ఈ వెసులుబాటు లేదు. వలకు ఆడా మగా తేడా తెలియదు, గుడ్లతో ఉన్న చేప కూడా అందులోనే పడుతుంది. కాకినాడలో బోటు ఆగడం, మిస్సోరిలో సీజన్ తెరవడం, రెండిటి వెనకా ఉన్నది గుడ్ల లెక్కే.

ఖాళీ అయిన అడవి

ఈ జాగ్రత్తలన్నీ ఊరికే పుట్టలేదు. ఐరోపావాళ్ళు వచ్చేనాటికి లక్షల సంఖ్యలో ఉన్న టర్కీలు 20వ శతాబ్దం మొదలయ్యేసరికి చాలా రాష్ట్రాల్లో పూర్తిగా మాయమయ్యాయి. అడవులు నరికేశారు, ఏడాది పొడవునా కొట్టి బజార్లో అమ్మారు. మిస్సోరి 1937లో టర్కీ వేటను పూర్తిగా ఆపేసింది.

ఆపేస్తే వాటంతటవే పెరగలేదు. మొదట ఫారాల్లో పెంచిన పక్షుల్ని వేల సంఖ్యలో అడవిలో వదిలారు. అవి బతకలేదు. ఎందుకు బతకలేదో 1944లో స్టార్కర్ లియోపోల్డ్ అనే శాస్త్రవేత్త మిస్సోరి ఓజార్క్ కొండల్లోని పక్షుల మీద చేసిన పరిశోధనలో చూపించాడు. అడవి టర్కీకీ, ఫారం రక్తం కలిసినదానికీ మెదడు పరిమాణంలో, గ్రంథుల్లో, నడవడిలో తేడాలున్నాయి. పుట్టుకతో వచ్చే ఆ బెదురు ఫారం పక్షుల్లో పలచబడిపోయింది. దాణా చల్లే చేతికి అలవాటు పడిన పక్షి నక్కను చూసి ఏం చేస్తుంది!

దారి దొరికింది ఒక వలతో. నేల మీద మడిచి దాచిన పెద్ద వలను చిన్న ఫిరంగుల్లాంటి గొట్టాలతో ఒక్కసారిగా పేల్చి, గింజలు తింటున్న టర్కీల గుంపు మీద పడేలా చేసే పద్ధతి అది. నీటిపక్షుల కోసం తయారైన ఈ వలను 1951లో దక్షిణ కరోలినాలో టర్కీల మీద వాడారు. అప్పటి నుంచి అసలైన అడవి పక్షుల్నే పట్టి, ఖాళీగా ఉన్న అడవులకు తరలించడం మొదలైంది. మిస్సోరి 1954లో పెక్ రాంచ్ అనే చోట ఈ పని మొదలుపెట్టింది. 1960కల్లా మూడు రోజుల సీజన్ తెరవగలిగింది. మన జిల్లాల్లాంటి కౌంటీలు 14, వేటలో దొరికినవి 94 పక్షులు. 2004 వసంతం నాటికి ఆ ఒక్క రాష్ట్రంలోనే సీజన్‌లో కొట్టిన పక్షుల లెక్క 60 వేలు దాటింది. టర్కీలు అంత ఎక్కువయ్యాక వేరే రాష్ట్రాలతో మార్పిడి కూడా చేసుకున్నారు. కొన్ని కెంటకీకి వెళ్తే, ఆ బేరంలో మిస్సోరి నదులకు నీటికుక్కలు వచ్చాయి.

దేశం మొత్తం మీద ఈ శతాబ్దం మొదట్లో అడవి టర్కీలు 60, 70 లక్షల మధ్య ఉండేవని అంచనా. దీనికి డబ్బు ఎక్కడిది? 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం ఎక్సైజ్ పన్ను వన్యప్రాణుల పనికి రాష్ట్రాలకు వెళ్తుంది. లైసెన్సు ఫీజులు దానికి తోడు. మిస్సోరి ప్రజలు 1976లో ఓటేసి మరీ ఇంకో పన్ను పెట్టుకున్నారు. అమ్మకపు పన్నులో ఒక శాతంలో ఎనిమిదో వంతు, అంటే 8 డాలర్ల కొనుగోలుకు ఒక సెంటు, అడవులకూ వన్యప్రాణులకూ పోతుంది. సెయింట్ లూయిస్‌లో ఇండియన్ స్టోరుకెళ్ళి బెండకాయలు, కరివేపాకు కొనే తెలుగు కుటుంబం కూడా, తెలిసినా తెలియకపోయినా, టర్కీల ఖర్చులో తన వంతు కడుతోంది. కాబట్టి ఈ విషయంలో అడిగే హక్కు వేటగాళ్ళకు ఎంత ఉందో మనకూ అంతే ఉందని నేననుకుంటాను.

తేదీ మీద తగువు

ఆ పెరుగుదల ఆగిపోయింది. గత పది పదిహేనేళ్ళుగా ఆగ్నేయ రాష్ట్రాల్లోనూ, మధ్య పశ్చిమంలోనూ టర్కీలు తగ్గుతున్నాయి. ఒక్కో పెట్టకు బతికే పిల్లల సంఖ్య పడిపోయింది. గూళ్ళు కట్టుకునే గడ్డి మైదానాలు, పొదలు తగ్గాయి. బొచ్చుకు ధర పడిపోయి రకూన్లను పట్టేవాళ్ళు లేకపోవడంతో గుడ్లు తినే జంతువులు పెరిగాయి. వాతావరణం, జబ్బులు, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వీటిలో ప్రభుత్వం చేతిలో వెంటనే ఉండే మీట ఒకటే, వేట తేదీలు.

కొంతమంది పరిశోధకుల వాదన ఇలా ఉంటుంది. సీజన్ మరీ ముందు తెరిస్తే, జతకట్టడం ఇంకా నడుస్తుండగానే బలమైన పుంజులు పడిపోతాయి. పుంజుల్లో పెద్దరికం తేలడానికి సమయం పడుతుంది. పెద్ద పుంజు పోతే ఆ పెద్దరికం మళ్ళీ మొదటికొస్తుంది, ఈలోగా పెట్టల గుడ్ల టైము జరిగిపోతుంది. జార్జియా విశ్వవిద్యాలయంలో టర్కీల మీద ఏళ్ళుగా పనిచేస్తున్న మైఖేల్ చాంబర్లెయిన్ ఈ ఆందోళనను గట్టిగా వినిపించిన వాళ్ళలో ఒకరు. జార్జియా 2022లో మనిషికి మూడు పక్షుల పరిమితిని రెండుకు తగ్గించింది, ప్రభుత్వ భూముల్లో వారం ఆలస్యంగా తెరిచింది. టెన్నెసీ 2023లో సీజన్‌నే రెండు వారాలు వెనక్కి జరిపి, పరిమితి రెండు చేసింది.

అవతలి పక్షానికీ ఆధారం ఉంది. టెన్నెసీలోనే ముందుగా కొన్ని కౌంటీల్లో రెండు వారాలు ఆలస్యంగా తెరిచి గమనించిన పరిశోధకులకు గూళ్ళ ఫలితంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆవాసం బాగుచేయకుండా తేదీలు జరిపితే లాభం లేదన్నది వీళ్ళ మాట. నాకైతే రెండు పక్షాల్లోనూ నిజముందనిపిస్తుంది. గడ్డి భూముల్ని తిరిగి తేవాలంటే దశాబ్దాలు పడుతుంది. అప్పటిదాకా అనుమానం ఉన్న చోట ఓ వారం ఆగడం వేటగాడికి పెద్ద నష్టమేమీ కాదు.

శరదృతువు వేట సంగతి వేరు. చాలా రాష్ట్రాల్లో అక్టోబరు ప్రాంతంలో పెట్టల్ని కూడా కొట్టనిస్తారు. పక్షులు నిండుగా ఉన్న రోజుల్లో అది చెల్లింది. తగ్గుతున్నప్పుడు ప్రతి పెట్టా వచ్చే ఏడాది ఒక ఈత. కాన్సస్ 2023 నుంచి శరదృతువు సీజన్‌ను ఆపేసింది. ఇది సరైన పనేనని నా నమ్మకం.

చీకట్లో చెట్టు కింద

మిస్సోరిలో తుపాకీ పేల్చడానికి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అనుమతి. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఆపేయాలి. ప్రైవేటు భూముల్లో 2024 నుంచి సూర్యాస్తమయం దాకా పొడిగించారు. వేటగాడు మాత్రం ఇంకా చుక్కలుండగానే అడవిలో ఉంటాడు. తన భుజాల కంటే వెడల్పైన చెట్టు చూసుకుని, దానికి వీపు ఆనించి కూర్చుంటాడు. వెనక నుంచి ఎవరైనా పొరపాటున పేల్చినా చెట్టు కాస్తుందని. దూరంగా గుడ్లగూబ అరుస్తుంది. ఆ అరుపుకు ఉలిక్కిపడి కొమ్మ మీద పుంజు గడగడమంటుంది. ఎక్కడుందో తెలిసిపోయింది.

ఇక ఓపిక పని. చేతిలో చిన్న చెక్కపెట్టె, దాని మూత అంచును సుద్ద రాసి రుద్దితే అచ్చం పెట్ట పిలుపే. మన ఊళ్ళల్లో పెంపుడు కౌజుపిట్టను బుట్టలో పెట్టి, దాని కూతతో అడవి కౌజుల్ని రప్పించేవాళ్ళు. దాన్నే దీమం అనేవాళ్ళు. మన దగ్గర ఇప్పుడది చట్టవిరుద్ధం. మిస్సోరిలో కూడా బతికున్న పక్షిని దీమంగా పెట్టకూడదు, రికార్డు చేసిన కూతలు వాడకూడదు. ప్లాస్టిక్ బొమ్మ, చేత్తోనో నోటితోనో చేసే కూత మాత్రమే. గింజలు చల్లి ఎర వేయడం నిషేధం. ఎర పూర్తిగా తీసేసినా 10 రోజుల దాకా అక్కడ వేటాడకూడదు. పక్షికి వినీ చూసీ తప్పించుకునే అవకాశం ఉండాలన్నదే ఈ నియమాల సారం.

పుంజు ఒక్కో అడుగు వేస్తూ, పురి విప్పుతూ, ముడుస్తూ వస్తుంది. ఛాతీ మధ్య నుంచి గుర్రం వెంట్రుకల్లా వేలాడే కుచ్చు కనిపించాలి. నిజానికి అవి వెంట్రుకలు కావు, ఒక రకం ఈకలే. చట్టం చెప్పేది పుంజు, లేదా కుచ్చు కనిపించే టర్కీ అని. కొద్ది పెట్టలకు కూడా ఆ కుచ్చు ఉంటుంది. చట్టం ప్రకారం దాన్ని కొట్టొచ్చు. కానీ తల నీలి బూడిద రంగులో ఉండి, పురి విప్పకుండా గింజలేరుకుంటూ వస్తున్న పక్షి గుడ్లు పెట్టే పెట్ట. దాన్ని వదిలేయాలి. ఏడాది వయసున్న పిల్ల పుంజుల్ని కూడా చాలామంది వదిలేస్తారు. పురి విప్పినప్పుడు తోక మధ్య ఈకలు మిగతావాటి కంటే పొడుగ్గా ఉంటే అది పిల్లదే.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. రవ్వల తూటా పేలగానే వెడల్పుగా పరుచుకుంటుంది. 40 గజాలు దాటితే తలకీ మెడకీ తగలాల్సిన రవ్వలు పలచబడి, పక్షి గాయంతో పొదల్లోకి పోయి ఎక్కడో చస్తుంది. అందుకే సీజన్‌కు ముందే కాగితం మీద తల బొమ్మ గీసి, తన తుపాకీ ఎంత దూరంలో ఎన్ని రవ్వలు అందులో పెడుతుందో లెక్కపెట్టుకోవాలి. ఇప్పుడు బరువైన టంగ్‌స్టన్ రవ్వలు వచ్చి 60 గజాల గొప్పలు వినిపిస్తున్నాయి. రవ్వ అంత దూరం పోతుందేమో, చేతి వణుకూ దూరం అంచనాలో తప్పూ కూడా దాంతో పాటే పెరుగుతాయి.

టర్కీ వేటలో మనుషులు గాయపడేది ఎక్కువగా ఒకే కారణంతో. తల నుంచి కాలి దాకా ఆకుల రంగు బట్టల్లో ఉన్న మనిషి, పెట్ట కూత కూస్తుంటాడు. ఇంకొకడు ఆ కూత వైపు పొదల్లో పాక్కుంటూ వస్తాడు. అందుకే కూత విని దాని మీదికి పాకకూడదు. పెన్సిల్వేనియాలో అది నేరం కూడా. ఎరుపు, తెలుపు, నీలం పుంజు తల రంగులు కాబట్టి ఆ రంగు బట్టలు ఒంటి మీద ఉండకూడదు, జేబురుమాలుతో సహా. ఎవరైనా దగ్గరికొస్తుంటే చెయ్యి ఊపకుండా, కూత కూయకుండా, గట్టిగా మనిషి గొంతుతో పిలవాలి. కొట్టిన పక్షిని మోసుకెళ్ళేటప్పుడు నారింజ రంగు గుడ్డ చుట్టాలి.

పక్షి పడ్డాక పర్మిట్ మీద నెల, తేదీ దగ్గర వెంటనే గాటు పెట్టాలి. ఆ రాత్రి 10 గంటలలోపు ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో నమోదు చేయాలి. మొదటి వారంలో ఒకటే, సీజన్ మొత్తానికి రెండే, రెండూ ఒకే రోజు కుదరవు. తినదగిన మాంసాన్ని పారేయడం మిస్సోరిలో నేరం. రొమ్ము మాంసం మెత్తగా ఉంటుంది, కాళ్ళు మాత్రం నారలా ఉంటాయి. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి దట్టించి కుక్కర్లో నిదానంగా ఉడికిస్తే నాటుకోడి పులుసుకు ఏమాత్రం తీసిపోదు.

వీసా మీద ఉన్నవాళ్ళకు

సహోద్యోగి రమ్మన్నాడని సరదాగా బయల్దేరే ముందు ఒక్క సంగతి చూసుకోవాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు. గ్రీన్‌కార్డు వాళ్ళకు ఈ నిషేధం లేదు. లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీ భుజాన వేసుకుని ఫొటో దిగినా చిక్కే, ఆ ఫొటో ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు? ముందు లాయర్‌ని అడగడం మంచిది. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, 16 ఏళ్ళు దాటినవాళ్ళు సాధారణంగా మిస్సోరిలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. వేటకు వెళ్ళకపోయినా ఆ కోర్సు చేయొచ్చు. తుపాకులున్న దేశంలో పిల్లల్ని పెంచేవాళ్ళకు అది పనికొచ్చే చదువే.

తుపాకీ ముట్టకుండా చేయగలిగిన పని ఇంకోటి ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మిస్సోరి కన్జర్వేషన్ డిపార్ట్‌మెంట్ టర్కీ పిల్లల సర్వే చేస్తుంది. 1959 నుంచి నడుస్తోంది, చేసేది ఎక్కువగా మామూలు జనమే. వేసవి సెలవుల్లో లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ అనే సరస్సు వైపు కారులో వెళ్తుంటే రోడ్డు పక్క గడ్డిలో పెట్టలు కనిపిస్తాయి. పిల్లలతో ఉన్న పెట్టలెన్ని, పిల్లలు లేకుండా తిరిగేవెన్ని, పిల్లలు మొత్తం ఎన్ని, ఏ కౌంటీ, ఏ తేదీ, ఇంతే రాసి పంపాలి. పిల్లలు లేని పెట్టను రాయడం చాలామంది మర్చిపోతారు. ఆ ఏడాది ఎన్ని గూళ్ళు చెడిపోయాయో తెలిసేది ఆ పెట్టల వల్లే.